వాడేవాళ్లూ రాసేవాళ్లూ: తిరుపతి డీటీపీ షాపులకీ కాలేజీ పిల్లలకీ ఓపెన్ సోర్స్ వ్యవహారం

ముహూర్తాల నెల వచ్చిందంటే తిరుపతిలో ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్లకి ఊపిరాడదు. శుభలేఖ మేటర్ కొట్టాలి, ప్రూఫు చూపించాలి, పొద్దుటికల్లా ప్లేటు వేయాలి. అలాంటప్పుడు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రోగ్రాములైన లిబ్రే ఆఫీస్‌లోనో, పేజీలు పేర్చే స్క్రైబస్‌లోనో ఒక వత్తు పక్కకి జరిగితే "ఏం సాఫ్ట్‌వేరప్పా ఇది!" అని విసుగు రావడం సహజం. ఇంజనీరింగ్ పిల్లల సంగతి ఇంకో రకం. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైటు నుంచి ప్రాజెక్టు దించుకుని, రాసినవాళ్ల పేరు తీసేసి, తమ పేరు పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్లు అక్కడక్కడా ఉంటారు. షాపులో వినిపించేది విసుగు, కాలేజీలో జరిగేది చేతివాటం. రెండింట్లోనూ ఇబ్బంది పడేది ఆ కోడ్ రాసిన మనిషే. చాలాసార్లు ఆ మనిషి జీతం లేకుండా, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట కూర్చుని రాస్తుంటాడు.

ఆ మనిషితో ఎలా మెలగాలి, బగ్ (సాఫ్ట్‌వేర్‌లో లోపం) గురించి రిపోర్టు ఎలా రాయాలి, పేరు చెరపకుండా కోడునీ ఫాంటునీ ఎలా వాడుకోవాలి అన్నది ఇక్కడ చెబుతున్నాం. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఇందులో చాలా భాగం చేయగలరు.

లైసెన్సు ఏమంటోంది

ఓపెన్ సోర్స్ కోడ్‌కి పెట్టే లైసెన్సుల్లో ఒకటైన ఎంఐటీ లైసెన్సు ఒక్క పేజీ కూడా ఉండదు. చివరి పేరా అంతా పెద్దక్షరాల్లో ఉంటుంది: సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో అలాగే ఇస్తున్నాం, ఏ హామీ లేదు. జీపీఎల్ అనే ఇంకో లైసెన్సుకి 1991 లో వచ్చిన రెండో వెర్షన్‌లో 11, 12 సెక్షన్లు, 2007 లో వచ్చిన మూడో వెర్షన్‌లో 15, 16 సెక్షన్లు ఇదే మాట చెబుతాయి. అంటే మీరు కస్టమర్ కాదు. బిల్లు లేదు, వారంటీ కార్డు లేదు, "రేపటికల్లా కావాలి" అనే హక్కూ లేదు. కస్టమర్ కానంత మాత్రాన చేయి చాచి అడుక్కునేవారూ కాదు. వాడుకునే, మార్చుకునే, పంచుకునే హక్కుని రాసినవాళ్లే లైసెన్సు ద్వారా మీ చేతికిచ్చారు. కొన్ని షరతులు పెట్టారు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

దబాయింపు వల్ల ఏమవుతుందో తెలియాలంటే ఎక్స్‌జెడ్ యుటిల్స్ సంగతి చూడాలి. ఫైళ్లని కుదించే ఈ లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో చూసుకున్నది లాస్సే కోలిన్. 2022 లో కొందరు మెయిళ్లలో ఆయన్ని దెప్పడం మొదలుపెట్టారు: ప్యాచులు (కోడ్ దిద్దుబాట్లు) ఆలస్యమవుతున్నాయి, వేరేవాళ్లకి అప్పగించండి అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని పని అనీ ఆయన నెమ్మదిగానే జవాబు చెప్పారు. ఒత్తిడి మాత్రం ఆగలేదు. సాయం చేస్తానంటూ జియా టాన్ అనే పేరుతో వచ్చిన వ్యక్తికి చివరికి నిర్వహణ హక్కులు దక్కాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి మార్చి 29 న బయటపడింది. దెప్పినవాళ్లంతా ఆ పథకంలో భాగమేనని చాలామంది అనుమానం. అయితే ఆ దెప్పుళ్లు ఎవరికీ వింతగా అనిపించకపోవడమే అసలు చిక్కు. మామూలు వాడుకరులు రోజూ మాట్లాడే తీరు కూడా అలాగే ఉంటుంది కాబట్టి, అందులో దొంగ గొంతు ఏదో పోల్చుకోలేకపోయారు.

తప్పు సాఫ్ట్‌వేర్‌దేనా

రిపోర్టు రాసే ముందు ఇది తేల్చుకోవాలి. తెలుగు మేటర్ విషయంలో "బగ్" అనిపించేవాటిలో చాలా భాగం బగ్గులు కావు.

మొదటిది ఫాంటు. పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకేలా ఉండే అక్షర సంకేతాలు) కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. పైకి తెలుగు బొమ్మలు కనిపిస్తాయి. దాన్ని తెచ్చి లిబ్రే ఆఫీస్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, అందులో లిబ్రే ఆఫీస్ తప్పేమీ లేదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ప్రూఫు మళ్లీ చదవాలి. అరసున్నలు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

రెండోది సెట్టింగు. లిబ్రే ఆఫీస్ లెక్కలో తెలుగు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కిందికి వస్తుంది. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, భాషల పేజీలో ఆ పెట్టెకి టిక్ పెట్టి, తెలుగు ఎంచుకోవాలి. స్టైల్‌లో వెస్టర్న్ ఫాంటు వేరు, కాంప్లెక్స్ ఫాంటు వేరు. వెస్టర్న్ దగ్గర సైజు మార్చి "తెలుగు పెద్దది కావట్లేదు" అనేవాళ్లు బోలెడు మంది. ఇంకోటి, లైన్ స్పేసింగ్. ఫిక్స్‌డ్ అని పెట్టి అంకె తక్కువ ఇస్తే అక్షరాల తలకట్లో వత్తులో తెగినట్టు కనిపిస్తాయి. ప్రపోర్షనల్‌కి మార్చి చూడండి.

మూడోది వెర్షన్. స్క్రైబస్ 1.4 లో తెలుగు వత్తులు కుదరవు. ఆ వెర్షన్ అందుకు తయారు చేసిందే కాదు. 2017 లో వచ్చిన 1.5.3 నుంచి సంక్లిష్ట లిపులకి మద్దతు వచ్చింది, 2024 లో వచ్చిన 1.6 స్థిరమైన విడుదల. పాత సీడీ నుంచి ఎక్కించిన 1.4 మీద ఇప్పుడు ఫిర్యాదు చేస్తే చదివేవాళ్లకి మొదటి లైనులోనే ఓపిక పోతుంది. లిబ్రే ఆఫీస్ పెద్ద విడుదలలు ఏటా రెండు, ఫిబ్రవరిలో, ఆగస్టులో. 2024 నుంచి నంబరులోనే ఏడాదీ నెలా ఉంటాయి: 24.8 అంటే 2024 ఆగస్టుది.

ఈ మూడూ సరిగ్గానే ఉంటే హెల్ప్ మెనూలో "రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్" నొక్కండి. అక్కడ పదం బాగుంటే పాడైంది మీ ప్రొఫైల్ (మీ సొంత సెట్టింగుల ఫోల్డరు). విండోస్‌లో తెర మీద మాత్రమే గజిబిజిగా ఉంటే ఆప్షన్స్‌లో వ్యూ పేజీలో స్కియా (తెర మీద బొమ్మ గీసే భాగం) టిక్ తీసేసి చూడండి. అప్పుడు సర్దుకుంటే గ్రాఫిక్స్ డ్రైవరు వైపు అనుమానించాలి.

అసలు కీలకమైన పరీక్ష ఇంకొకటుంది. లిబ్రే ఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఇవన్నీ అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ మీద ఆధారపడతాయి. కాబట్టి చిక్కుగా ఉన్న పదాన్ని మూడు ఫాంట్లలో, రెండు ప్రోగ్రాముల్లో పెట్టి చూడండి. లోహిత్ తెలుగు, మండలి, నోటో సాన్స్ తెలుగు చాలు. ఒక్క ఫాంటులోనే విరిగితే తప్పు ఆ ఫాంటుది, రిపోర్టు వెళ్లాల్సింది దాన్ని తయారు చేసినవాళ్లకి. ఒక్క ప్రోగ్రాములోనే విరిగితే ఆ ప్రోగ్రాముది. అన్ని ఫాంట్లలో, అన్ని ప్రోగ్రాముల్లో ఒకేలా విరిగితే హార్ఫ్‌బజ్‌నో, మీరు టైప్ చేసిన తీరునో చూడాలి. పరీక్షకి "రాష్ట్రం", "లక్ష్మి", "శ్రీవేంకటేశ్వర", "జ్ఞాపిక" లాంటి మాటలు పనికొస్తాయి. "రాష్ట్రం"లో ఒకే అక్షరానికి రెండు వత్తులు పడతాయి కాబట్టి లోపముంటే ముందు అక్కడే తేలుతుంది. ఈ పని పది నిమిషాలకి మించదు. ఇది మీరు చేయకపోతే ఎక్కడో ఉన్న డెవలపర్ చేయాలి, ఆయనకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఒక పూట పడుతుంది.

రిపోర్టు రాయడం

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఐఫోన్లని పడేసింది గుర్తుందా? మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే యాప్ మూతపడేది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అది ఓపెన్ సోర్స్ గొడవ కాకపోయినా బగ్ రాసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మనం మామూలుగా టైప్ చేసే "జ్ఞా" వల్ల ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి దూరి, ఆపైన దీర్ఘం వస్తేనే పడిపోయేది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఈ తేడా ఎవరికీ కనిపించదు.

అందుకే రిపోర్టులో బొమ్మతో పాటు ఆ పదాన్ని టెక్స్ట్‌గానే పెట్టండి. ఏ కీబోర్డుతో కొట్టారో కూడా చెప్పండి: ఇన్‌స్క్రిప్టా, ఫోన్ కీబోర్డా, లేఖిని సైటు నుంచి తెచ్చి పేస్ట్ చేశారా. పైకి ఒకేలా కనిపించే మాట లోపల ఒక్కో పరికరంలో ఒక్కోలా ఉండొచ్చు.

శీర్షిక ఇలా ఉండాలి: "మండలి ఫాంటుతో రాష్ట్రం అనే పదం పీడీఎఫ్ చేస్తే ట-వత్తు కుడికి జరుగుతోంది, తెర మీద సరిగ్గా ఉంది." ఇలా ఉండకూడదు: "తెలుగు పనిచేయట్లేదు, అర్జెంట్." (మొదటిది ఊహించి రాసిన ఉదాహరణే, మండలి మీద నింద కాదు.) శీర్షిక కింద మొదట మీరు చేసిన పనులు వరసగా: కొత్త ఫైలు తెరిచాను, ఈ ఫాంటు ఈ సైజు పెట్టాను, ఈ పదం పేస్ట్ చేశాను, ఎక్స్‌పోర్ట్ నొక్కాను. తర్వాత రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి. సరైన రూపం ఎలా ఉండాలో పక్కన బొమ్మ తప్పనిసరి, ఎందుకంటే చూసేవాళ్లకి తెలుగు రాకపోవచ్చు. రెండు బొమ్మల్లో తేడా ఉన్నచోట ఎర్ర గీత చుట్టండి. చివర వెర్షన్ వివరాలు. లిబ్రే ఆఫీస్‌లో హెల్ప్, అబౌట్ తెరిస్తే వాటిని కాపీ చేసే బొత్తాం అక్కడే ఉంటుంది, మీరు టైప్ చేయక్కర్లేదు. ఫాంటు ఎక్కడినుంచి దించుకున్నారో కూడా ఒక మాట.

ఒక రిపోర్టులో ఒకే సమస్య. మూడు సమస్యలు కలిపి రాస్తే ఒకటి తీరాక మిగతా రెండూ ఎవరి ఖాతాలోనూ ఉండవు.

షాపులవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. విరిగిన శుభలేఖ ఫైలుని ఉన్నదున్నట్టు అటాచ్ చేసేస్తారు. అందులో పెళ్లికూతురు పేరు, ఇంటి అడ్రసు, తండ్రి ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. లిబ్రే ఆఫీస్ బగ్గులు నమోదు చేసే సైటు బగ్‌జిల్లా బహిరంగం, అక్కడ ఎక్కిన ఫైలుని మీరు తీసేయలేరు, పాతబడిందని గుర్తు మాత్రం పెట్టగలరు. చిత్తూరు మామిడి గుజ్జు డబ్బాల లేబులైనా అంతే, పార్టీ డిజైన్ బజార్న పడకూడదు. ఫైలుకి నకలు తీసి, సగం చెరిపి చూడండి, బగ్ ఇంకా ఉందా? ఉంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం. ఇలా కోసుకుంటూ పోతే చివరికి ఒక పేజీలో ఒక పదం మిగులుతుంది. డెవలపర్‌కి కావాల్సింది సరిగ్గా అదే. ఈ కోతలో బగ్ మాయమైతే ఆఖరున చెరిపిన ముక్కలోనే కారణం ఉందని తెలుస్తుంది.

భాష ఇంగ్లీషే, కానీ పొడి పొడి వాక్యాలు చాలు. ఏఐ బాట్‌కి చెప్పి రెండు పేజీల రిపోర్టు రాయించకండి. కర్ల్ (ఇంటర్నెట్‌లో డేటా తెచ్చే పనిముట్టు) ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచి ఇలాంటి ఉత్తుత్తి రిపోర్టుల గురించి బహిరంగంగానే మొత్తుకుంటున్నారు. అనువాదానికి సాయం తీసుకుంటే తప్పులేదు, మీరు చేసి చూడని స్టెప్పు మాత్రం అందులో ఉండకూడదు. భద్రతకి సంబంధించిన లోపమైతే బహిరంగంగా అసలు రాయొద్దు. చాలా ప్రాజెక్టుల్లో సెక్యూరిటీ అనే ఫైలు ఉంటుంది, ఎవరికి పంపాలో అందులో చూడండి.

రాశాక

బగ్‌జిల్లాలో "అన్‌కన్ఫర్మ్‌డ్" అంటే ఇంకా ఎవరూ చేసి చూడలేదని. "న్యూ" అయిందంటే ఇంకొకరు తమ దగ్గరా వచ్చిందని ఒప్పుకున్నారు. అంతవరకే, ఎవరో పనిలోకి దిగారని కాదు. "నీడ్ ఇన్ఫో" పడితే బంతి మీ దగ్గరుంది. జవాబివ్వకుండా వదిలేస్తే కొన్నాళ్లకి మూసేస్తారు, అప్పుడు అలిగి లాభం లేదు. "నాక్కూడా" అని కామెంటు పెడితే ఆ బగ్‌ని అనుసరిస్తున్నవాళ్లందరికీ మెయిల్ వెళ్తుంది, కొత్త సమాచారం మాత్రం సున్నా. అదే "25.2 లో, విండోస్ 11 లో కూడా వస్తోంది, ఫలానా ఫాంటుతో రావట్లేదు" అని రాయండి, అది పనికొచ్చే కామెంటు. డెవలపర్ సొంత మెయిల్‌కో లింక్డ్‌ఇన్‌కో వెళ్లి తట్టొద్దు.

కొన్ని కోరికలు పాతవి. ఇంక్‌స్కేప్‌లో సీఎంవైకే (ముద్రణకి వాడే నాలుగు రంగుల పద్ధతి) కావాలని ప్రెస్సులవాళ్లు ఏళ్లుగా అడుగుతున్నదే. ఇంకోసారి అడిగినందువల్ల త్వరగా రాదు. ఈలోపు ఇంక్‌స్కేప్‌లో గీసి, స్క్రైబస్‌లోకి తెచ్చి, రంగులు అక్కడ సరిచూసుకుని పీడీఎఫ్ తీయడం మేలు.

పేరు చెరపకుండా

ఇది పిల్లలకి. గిట్‌హబ్‌లో జిప్ దించుకుంటే కోడ్ వస్తుంది గానీ చరిత్ర రాదు. ఫోర్క్ చేసి (మీ ఖాతాలోకి నకలు తీసుకుని) క్లోన్ చేయండి (చరిత్రతో సహా మీ కంప్యూటర్‌లోకి దించుకోండి). అప్పుడు ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో గిట్ బ్లేమ్ చెబుతుంది, మీరు కలిపిన పని విడిగా కనిపిస్తుంది. వైవాలో మీకే లాభం, "ఇందులో నువ్వు చేసిందేంటి?" అంటే చూపించడానికి ఉంటుంది. గిట్ ప్రతి కమిట్‌లోనూ (నమోదైన ఒక్కో మార్పులోనూ) రాసినవాళ్ల పేరు, ఎక్కించినవాళ్ల పేరు విడివిడిగా దాస్తుంది. ఇంకొకరి ప్యాచ్‌ని మీరు ఎక్కిస్తే ఆథర్‌గా వాళ్ల పేరే ఉండాలి; కమిట్ చేసేటప్పుడు ఆథర్ ఆప్షన్ అందుకే ఉంది. ఇద్దరూ కలిసి రాస్తే సందేశం చివర "కో-ఆథర్డ్-బై" లైను చేర్చండి.

ఎంఐటీ అయితే కాపీరైట్ లైనూ, అనుమతి పాఠమూ ప్రతి కాపీతో వెళ్లాలి. షరతు అదొక్కటే, చాలామంది చెరిపేది కూడా దాన్నే. అపాచీ 2.0 అయితే మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ ఫైలుంటే దాన్నీ ఉంచాలి. జీపీఎల్ కోడ్‌తో గాంధీ రోడ్డులో ఒక కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం చేసి అమ్మారనుకోండి. డబ్బు తీసుకోవచ్చు, కానీ సోర్స్ కోడ్ కూడా ఆ కొట్టువాళ్లకి అందుబాటులో ఉంచాలి. లైసెన్సు ఫైలే లేని ప్రాజెక్టుతో జాగ్రత్త: అన్ని హక్కులూ రాసినవాళ్లవే. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం అక్కడ చూడొచ్చు, ఫోర్క్ చేయొచ్చు; ఇంకేం చేయాలన్నా అడగాలి. ప్రాజెక్టు రికార్డులో ఒక పేజీ కేటాయించి మూల ప్రాజెక్టు పేరు, ఏ కమిట్ దగ్గర తీసుకున్నారు, లైసెన్సు ఏది, మీరు మార్చినవి ఏవి, ఈ నాలుగూ రాయండి.

షాపులవాళ్లకి ఫాంట్ల సంగతి. మండలి, రామభద్ర, పొన్నాల లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. శుభలేఖకో ఫ్లెక్సీకో వాడితే కింద పేరు వేయక్కర్లేదు, ఆ లైసెన్సు షరతులు మీరు తయారు చేసిన కార్డుకి అంటవు. ఫాంటునే విడిగా అమ్మకూడదు. పెన్‌డ్రైవ్‌లో పక్క ప్రెస్సుకి ఇస్తే లైసెన్సు ఫైలు కూడా ఇవ్వాలి. ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి ఒక వత్తు మీరే దిద్దితే, రచయిత ఫాంటు పేరుని రిజర్వు చేసుకుని ఉంటే, కొత్తదానికి వేరే పేరు పెట్టాలి. ఈ షరతుకి కారణం ఉంది: మీరు దిద్దినదాంట్లో తప్పు వస్తే ఆ ఫిర్యాదు అసలు రచయిత గుమ్మం దగ్గరికి పోకూడదు.

టీ షర్టు కోసం పుల్ రిక్వెస్టులు వద్దు

2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కి కోడ్ పంపమని ప్రోత్సహించే కార్యక్రమం) వాళ్లు నాలుగు పుల్ రిక్వెస్టులకి (నా మార్పు తీసుకోండని ప్రాజెక్టుకి పంపే వినతులకి) ఒక టీ షర్టు అన్నారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) ఒక మాట అటూ ఇటూ మార్చి పంపే పద్ధతి వీడియోల్లో పాకి, ప్రాజెక్టుల మీద చెత్త కుప్పపడింది. అందులో మన దేశం నుంచి వెళ్లినవీ తక్కువేం కాదు. నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే నియమం మార్చి, ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్క అన్నారు. ఒక్క పుల్ రిక్వెస్టు పంపినా ముందు కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవండి, ఇష్యూలో (ఆ సమస్య గురించి చర్చించే పేజీలో) "ఇది నేను చేయొచ్చా" అని అడగండి, టెస్టులు మీ దగ్గర నడిపి పంపండి. వెనక్కి పంపితే కారణం చదివి దిద్దండి, వాదన వద్దు.

రాసేవాళ్లు కూడా

మీరే ఏదైనా రాసి బయటపెడితే లెక్క అటుపక్క నుంచి మొదలవుతుంది. రీడ్‌మీలో ముందే చెప్పండి: వారాంతాల్లోనే చూస్తాను, విండోస్‌లో పరీక్షించలేదు, ఫలానా ఫీచరు చేర్చను. ఇష్యూ టెంప్లేటు పెట్టండి, వెర్షన్ అడగాల్సిన పని తప్పుతుంది. కుదరదంటే కుదరదని ఒక వాక్యంలో కారణం చెప్పి మూసేయండి. నెలల తరబడి నాన్చడం కన్నా అదే మర్యాద. "ప్యాచ్ పంపు, తీసుకుంటాను" అని కోడ్ రాని డీటీపీ ఆపరేటర్‌తో అనడం పొమ్మనడమే. ఆ మనిషికి కోడ్ రాకపోయినా వత్తు ఎక్కడ పడాలో మీకన్నా బాగా తెలుసు. ఇక చూసుకోలేననుకుంటే రిపాజిటరీని (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటుని) ఆర్కైవ్ చేయండి, అంటే చదవడానికి మాత్రమే ఉంచండి. ముఖం తెలియనివాళ్లు తొందరపెట్టారని తాళాలు ఇచ్చేయకండి.

షాపూ కాలేజీ ఒక బల్ల దగ్గర

బగ్గులు దొరికేది షాపుల్లో, వాటిని రాయగలిగే ఇంగ్లీషూ గిట్టూ తెలిసిన పిల్లలు కాలేజీల్లో. తిరుపతిలో ఈ రెండింటికీ మధ్య దూరం ఆటో చార్జీ అంత. షాపులో ఒక నోటుపుస్తకం పెట్టండి. విరిగిన పదం, ఫాంటు, ప్రోగ్రాము, తారీఖు రాసుకుంటూ పోవాలి. సీజన్లో అంతకన్నా టైముండదు. ముహూర్తాలు లేని మూఢాల్లో ఒక విద్యార్థి వచ్చి కూర్చుంటే, పైన చెప్పిన మూడు ఫాంట్ల పరీక్ష ఇద్దరూ కలిసి చేయొచ్చు. ఒక సాయంత్రానికి నోటుపుస్తకంలో సగం గీతలు సెట్టింగు తప్పులుగా కొట్టివేతకి పోతాయి. మిగిలినవాటికి ముందు బగ్‌జిల్లాలో వెతకాలి, పాతదుంటే అందులోనే కొత్త వివరం చేర్చాలి, లేకపోతే కొత్తది తెరవాలి. రిపోర్టులో "ఈ లోపం ఒక ప్రెస్సులో కనిపెట్టారు" అని విద్యార్థి ఒక ముక్క రాస్తే, పేరు పెట్టాలో వద్దో షాపువాళ్లని అడిగి రాయాలి.

కోడ్ జోలికే వెళ్లనివాళ్లకి అనువాదం ఉంది. లిబ్రే ఆఫీస్ మెనూల తెలుగు మాటలు వెబ్‌లేట్ అనే అనువాద సైటులో దిద్దుకోవచ్చు. అక్కడా ముందున్నవాళ్లు రాసిన మాటని చెరిపి మీది పెట్టకండి, సూచనగా పెట్టి కారణం కామెంటులో రాయండి. డీటీపీలో రోజూ వాడే "మార్జిన్", "అలైన్‌మెంట్" లాంటి మాటల్ని ఎవరికీ అర్థం కాని సంస్కృతంలోకి మార్చేయకుండా ఆపగలిగేది షాపులో కూర్చునేవాళ్లే.